నీల్ గౌ తన రెండో భార్య కోసం కట్టిన బాణీ: దాని వెనక కథ

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు, ఇప్పుడు స్కాట్లండ్ ఫిడేలు బాణీలు సాధన చేస్తున్నారు. ఒక పుస్తకంలో ‘నీల్ గౌస్ లామెంట్ ఫర్ ద డెత్ ఆఫ్ హిజ్ సెకండ్ వైఫ్’ కనబడింది. తెలుగులో చెప్పాలంటే రెండో భార్య పోయినప్పుడు నీల్ గౌ విలాపం. నీల్ గౌ అంటే పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ ఫిడేలు వాద్యకారుడు. ఆ ‘రెండో’ అనే మాట పేరులో ఎందుకు పెట్టారు? అది నిజంగా ఆయన కట్టిందేనా, ఎవరిదో జానపద బాణీయా? చావు బాణీ శంకరాభరణంలో ఎందుకుంది? ఎంత వేగంగా వాయించాలి?

నేను స్కాట్లండ్ వచ్చి పంతొమ్మిదేళ్ళవుతోంది. నాదీ మొదట కర్ణాటక వయొలినే. ఇక్కడికొచ్చాక వారానికోసారి ఫిడేలు వాళ్ళతో కూర్చుని వాయించడం అలవాటైంది. ఈ బాణీని కొన్ని వందల సార్లు వాయించి ఉంటాను. అందుకే కొంచెం పెద్ద సమాధానం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ‘రెండో’ సంగతి. మన చెవికి ‘రెండో భార్య’ అనగానే మొదటావిడ ఉండగానే ఇంకొకరిని తెచ్చుకున్నాడేమో అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. ఇది మారుమనువు. నీల్ గౌ మొదటి భార్య మార్గరెట్ వైజ్‌మన్. వాళ్ళకి ఐదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఆమె పోయాక 1768లో పెర్త్ ఊరికి చెందిన మార్గరెట్ అర్క్‌హర్ట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. గమనించండి, ఇద్దరి పేరూ మార్గరెట్టే. ‘మార్గరెట్ కోసం విలాపం’ అని పేరు పెడితే ఆ ఇంట్లో వాళ్ళకే ఏ మార్గరెట్ అన్న అనుమానం వస్తుంది. కాబట్టి ఆ ‘రెండో’ అన్నది తక్కువ చేసి లెక్కపెట్టడం కాదు, ఫలానా ఆమె అని వేలుపెట్టి చూపించడం అని నా అభిప్రాయం.

‘మరి మొదటి భార్య కోసం ఏమీ కట్టలేదా’ అని ఇక్కడ కూడా చాలామంది కాస్త నిష్ఠూరంగానే అడుగుతుంటారు. కాలం లెక్క చూడాలి. గౌ పేరుతో మొదటి బాణీల పుస్తకం అచ్చయింది 1784లో. మొదటి భార్య 1768కి ముందే పోయింది. ఆ రోజుల్లో ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో డ్యాన్సులకి వాయించే మనిషి. బాణీ కడితే చేతిలోంచి చేతిలోకి పోవాల్సిందే తప్ప కాగితం మీదికి ఎక్కే దారి లేదు. రెండో ఆవిడ పోయేనాటికి ఆ కుటుంబానికి ఎడిన్‌బరోలో సొంత మ్యూజిక్ షాపు, అచ్చు వ్యాపారం ఉన్నాయి. ఒక దుఃఖం పుస్తకంలోకి ఎక్కి ఇంకొకటి ఎక్కకపోవడానికి మనసు ఒక్కటే కారణం కానక్కర్లేదు.

ఇంతకీ ఎవరీ గౌ? 1727 మార్చి 22న పెర్త్‌షైర్‌లోని స్ట్రాత్‌బ్రాన్‌లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం డన్‌కెల్డ్ పక్కనున్న ఇన్వర్ అనే చిన్న పల్లెకి మారింది. చివరిదాకా అక్కడే ఉన్నాడు, 1807 మార్చి 1న అక్కడే పోయాడు. తండ్రి జాన్ గౌ నేతపని చేసేవాడు. ప్లెయిడ్ అంటారే, భుజాన కప్పుకునే గళ్ళ ఉన్ని దుప్పటి, అది నేసేవాడు. కొడుక్కీ మగ్గమే నేర్పించాడు. ఫిడేలు మాత్రం తొమ్మిదో ఏట తనంతట తనే పట్టుకున్నాడు. పదమూడేళ్ళప్పుడు జాన్ కామెరన్ అనే ఆయన దగ్గర కొన్నాళ్ళు పాఠం. ఆ కామెరన్ గ్రాంటల్లీ జమీందారు సర్ జార్జ్ స్టీవర్ట్ దగ్గర కొలువులో ఉండేవాడు. అంతకుమించి చెప్పుకోదగ్గ గురుశిక్షణ లేదు.

1745లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఒక పోటీలో గెలిచాడు. న్యాయనిర్ణేత జాన్ మెక్రా అనే అంధ సంగీతకారుడు. ఎవరు వాయిస్తున్నారో చూడలేడు కాబట్టి పక్షపాతం ఉండదని ఆయన్ని పెట్టారు. గౌకి బహుమతి ఇచ్చి, వందమంది మధ్యలో వాయించినా ఈ కుర్రాడి కమాను దెబ్బ నేను పోల్చుకుంటాను అన్నాడట ఆ పెద్దాయన. ఆ మాట ఊరికే అన్నది కాదు. గౌ చనిపోయిన రెండేళ్ళకి ఒక పత్రికలో వచ్చిన జీవిత వ్యాసం కూడా ఆయన కుడిచేతి బలం గురించే చెప్పింది, ముఖ్యంగా కమానుని పైకి తోసేటప్పుడు. మీకూ తెలుసు, కమాను కిందికి లాగినప్పుడు చేతి బరువు తోడొస్తుంది, పైకి తోసేటప్పుడు నాదం పలచబడుతుంది. చాలామంది ఆ పలుచదనంతోనే జీవితమంతా వాయించేస్తాం. గౌకి రెండు వైపులా ఒకటే బలం. స్ట్రాత్‌స్పే అనే డ్యాన్సు బాణీల్లో పొట్టి స్వరం ముందూ పొడుగు స్వరం వెనకా తగిలే ఒక ఝటకా ఉంటుంది, స్కాట్స్ స్నాప్ అంటారు. అది గట్టిగా పలకాలంటే ఈ చెయ్యి కావాలి.

ఆ ప్రాంతపు పెద్ద జమీందార్లు అథోల్ డ్యూకులు ఆయన్ని ఆదరించారు. ఏడాదికి 5 పౌండ్ల భరణం, బంగళాల్లో డ్యాన్సులున్నప్పుడు వేరే డబ్బులు. పెద్దవాళ్ళ దగ్గర కూడా ఒదిగి మాట్లాడే మనిషి కాదు. ఒకసారి డన్‌కెల్డ్ బంగళాలో భోజనాల వేళ దాటిపోయినా జమీందారీ ఆడపిల్లలు డ్యాన్సు ఆపకుండా ఇంకొకటి ఇంకొకటి అంటుంటే, ‘పొండి తల్లీ, కిందికి పోయి అన్నాలు తినండి, లోకంలో ఆకలీ దాహమూ లేనట్టు నన్నిలా వాయిస్తూ కూర్చోబెట్టకండి’ అని కసిరాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ కథ నాకు ఎందుకు ఇష్టమంటే, మన వైపు పెళ్ళిళ్ళలో తెల్లారిందాకా సన్నాయి వాయించిన పెద్దవాళ్ళు మనసులో అనుకుని పైకి అనలేని మాట అది.

ఆయన ఎలా ఉండేవాడో మనం చూడొచ్చు కూడా. హెన్రీ రేబర్న్ గీసిన చిత్రం ఎడిన్‌బరోలోని స్కాటిష్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. నల్లకోటు, మోకాళ్ళ దాకా గళ్ళ బ్రీచెస్, గళ్ళ మేజోళ్ళు, గెడ్డం కింద ఫిడేలు. చిన్‌రెస్ట్, అంటే గెడ్డం ఆనించుకునే చెక్క, లేదు, అది 1820 ప్రాంతంలో గానీ రాలేదు. ఆ గళ్ళ బట్టకి ఒక అర్థముంది. 1746లో కలోడెన్ యుద్ధంలో జాకొబైట్లు, అంటే గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశం పక్షాన తిరగబడ్డవాళ్ళు, ఓడిపోయాక హైలాండ్స్ అనే ఉత్తరాది కొండసీమ మగవాళ్ళు తమ సంప్రదాయ దుస్తులు వేసుకోకూడదని చట్టం తెచ్చారు. 1782 దాకా ఆ చట్టం పోలేదు. గౌ నేతగాడి కొడుకు. తన పంతొమ్మిదో ఏట నుంచి యాభై అయిదో ఏట దాకా ఆ నిషేధం కింద బతికిన మనిషి. ఆ చిత్రం ముందు నేను నిలబడ్డప్పుడు ఫిడేలు కంటే ఆ మేజోళ్ళనే ఎక్కువసేపు చూశాను.

ఇంకొక చిత్రం ఉంది, డేవిడ్ అలన్ 1780లో గీసిన హైలాండ్ పెళ్ళి. బ్లెయిర్ అథోల్‌లో ఆరుబయట జనం డ్యాన్సు చేస్తుంటే గౌ ఫిడేలు వాయిస్తున్నాడు, పక్కన సోదరుడు డోనల్డ్ చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద మంద్ర వాద్యం) వాయిస్తున్నాడు. స్కాట్లండ్ డ్యాన్సు సంగీతం అంటే అప్పట్లో ఈ జంటే: ఒక ఫిడేలు, ఒక చెల్లో. గౌ పుస్తకాల్లో ప్రతి బాణీ కిందా చెల్లోకి ఒక మంద్ర వరస అచ్చువేసి ఉండటం అందుకే. డోనల్డ్ పోయినప్పుడు కూడా గౌ ఒక విలాపం కట్టాడు. పేరు సూటిగా ‘సోదరుడి మరణానికి నీల్ గౌ విలాపం’. ఆయన పేర్లు పెట్టే తీరే అది. ఎవరు పోయారో, తనకి ఏమవుతారో చెప్పడం, అంతే. అలంకారం ఏదైనా ఉంటే బాణీలో ఉంటుంది.

ఇప్పుడు మార్గరెట్ అర్క్‌హర్ట్ గురించి. పల్లెటూరి ఫిడేలు వాద్యకారుడి భార్య గురించి ఆ కాలపు కాగితాల్లో ఏముంటుంది చెప్పండి. కానీ ఒక్క చోట ఆమె కనిపిస్తుంది. 1787 ఆగస్టు 31న కవి రాబర్ట్ బర్న్స్ హైలాండ్స్ యాత్రలో డన్‌కెల్డ్ వచ్చాడు. ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు, గౌకి అరవై. గౌ వాయించగా విన్నాడు. ఆరోజు డైరీలో గౌ రూపాన్ని రాసుకున్నాడు: పొట్టిగా దిట్టంగా ఉండే హైలాండ్ మనిషి, నిజాయితీ తొణికే నుదుటి మీద నెరుస్తున్న జుట్టు, ముఖంలో మంచి తెలివి, దయ, ఎవరినీ అనుమానించని అమాయకత్వం. తరువాత వాళ్ళింటికి వెళ్ళానని రాశాడు. ఆ వెంటనే రెండు మాటలు: మార్గరెట్ గౌ. ఇంకేమీ లేదు. విశేషణం లేదు, వాక్యం కూడా పూర్తి చేయలేదు. దారిలో చూసినవి తరువాత గుర్తుండాలని పొడిపొడిగా రాసుకుంటున్న కవి, ఆ ఇంట్లో మర్చిపోకూడదనుకున్న మనిషి పేరు రాసుకున్నాడు. ఇంటికొచ్చిన అతిథికి ఆమె ఏం పెట్టిందో, ఏం మాట్లాడిందో మనకి అందలేదు గానీ, ఆ పేరు మాత్రం స్కాట్లండ్ అంతటా జనం అందరికంటే ఎక్కువగా చదువుకునే కవి డైరీలో నిలిచిపోయింది.

ఆమె 1805లో పోయింది. ముప్ఫై ఏడేళ్ళ కాపురం. అప్పటికి గౌకి దాదాపు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ బాణీ అప్పుడు కట్టిందే. మరో రెండేళ్ళకి ఆయనా పోయాడు, లిటిల్ డన్‌కెల్డ్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆయన మీద జనం ఒక చిన్న పద్యం అల్లుకున్నారు. ఇన్నాళ్ళూ గౌ కాలాన్ని కొట్టాడు, ఇప్పుడు కాలం గౌని కొట్టింది, ఇద్దరికీ లెక్క సరిపోయింది అని. ఇంగ్లీషులో తాళం వేయడాన్ని కాలాన్ని కొట్టడం అంటారు కాబట్టి ఆ మాటలో శ్లేష ఉంది. మనమూ వేగాన్ని మొదటి కాలం, రెండో కాలం అంటాం కదా, అందుకని మనకి ఆ శ్లేష ఇట్టే తగులుతుంది.

బాణీ అచ్చయింది 1809లో, గౌ కుటుంబం వేసిన ఐదో సంకలనంలో. వేసింది కొడుకు నథానియెల్. ఈ నథానియెల్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మనిషి ఆయనే అనిపిస్తాడు. 1763లో పుట్టాడు, మొదటి భార్య కొడుకు. తండ్రి మారుమనువు చేసుకున్న 1768 నాటికి ఐదేళ్ళ పిల్లవాడు. అంటే వాడిని పెంచింది ఈ రెండో మార్గరెట్టే. ఆమెకి సొంత పిల్లలు లేరు. పెరిగి ఎడిన్‌బరో వెళ్ళి, 1782లో రాజుగారి ట్రంపెట్ వాద్యకారుల్లో ఒకడిగా ఉద్యోగం సంపాదించి, తరువాత నగరంలోనే పేరున్న డ్యాన్సు బృందానికి నాయకుడై, మ్యూజిక్ షాపు పెట్టి, బాణీలు అచ్చేసే వ్యాపారంలో స్థిరపడ్డాడు. తండ్రి పోయాక వేసిన పుస్తకంలో ఈ బాణీ పెట్టి, దంపతులిద్దరూ ముప్ఫై ఏళ్ళకి పైగా కలిసి బతికారని, ఆమె ఆయనకంటే రెండేళ్ళ ముందు పోయిందని ఒక చిన్న గమనిక కూడా జత చేశారు. డ్యాన్సు బాణీల పుస్తకంలో ఇలాంటి కుటుంబ విషయం అచ్చేయడం మామూలు కాదు. రీళ్ళు అనే వేగమైన డ్యాన్సు బాణీలు, స్ట్రాత్‌స్పేలు కొనుక్కునే జమీందార్లకి ఆ వివరంతో పనేముంది? సవతి తల్లి అంటే మన కథల్లో ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఇక్కడ ఒక సవతి కొడుకు, నలభై ఆరేళ్ళ వయసులో, తనని పెంచిన ఆమె గురించి నాలుగు మాటలు పుస్తకంలో మిగిల్చాడు. బాణీ తండ్రిది. అది మన దాకా రావడం మాత్రం కొడుకు పుణ్యం.

ఇక రెండో ప్రశ్న, నిజంగా ఆయనదేనా అన్నది. అడగాల్సిన ప్రశ్నే. గౌ కుటుంబం పుస్తకాల్లో వాళ్ళవి కాని బాణీలు వాళ్ళ పేరుతో ఉన్నాయి, ఇది దాచాల్సిన పనిలేదు. విలియం మార్షల్ అనే గొప్ప వాగ్గేయకారుడు ఉండేవాడు. గోర్డన్ డ్యూకు దగ్గర ఉద్యోగి. స్ట్రాత్‌స్పేలు కట్టడంలో ఈ కాలానికి ఆయనే మొదటివాడని బర్న్స్ అన్నది ఆయన్నే. తన బాణీలని పేర్లు మార్చి, తన పేరు చెప్పకుండా వేరేవాళ్ళు వేసుకున్నారని ఆయన 1822లో తన పుస్తకం ముందుమాటలో రాశాడు. పేరు పెట్టకపోయినా గౌ వాళ్ళ గురించేనని అందరికీ తెలుసు. పాత బాణీకి కొత్త జమీందారిణి పేరు పెట్టి అమ్మడం ఆ వ్యాపారంలో మామూలే, చందాలు కట్టేది వాళ్ళే కాబట్టి.

కానీ ఈ బాణీ సంగతి వేరు. ఎవరి మెప్పు కోసమూ పెట్టిన పేరు కాదిది. అమ్మితే పది పైసలు ఎక్కువ రాల్చే పేరు కూడా కాదు. ఆమె పోయిన నాలుగేళ్ళకే, ఆ ఇంట్లో పెరిగినవాడే అచ్చువేశాడు. కొత్త పుస్తకాల్లో కొన్నిట్లో ‘సంప్రదాయం’ అని మాత్రమే రాసి వదిలేస్తున్నారు. మీ పుస్తకంలో అలా ఉంటే పెన్ను తీసి కొట్టేసి, నీల్ గౌ, 1805 అని రాసుకోండి. సంప్రదాయం అన్న మాటకి కట్టినవాడు తెలియదని అర్థం. ఇక్కడ కట్టినవాడు తెలుసు, ఎవరికోసమో తెలుసు, ఏ ఇంట్లోనో తెలుసు. ఆ ఇల్లు ఇన్వర్‌లో ఇప్పటికీ ఉంది, గోడకి ఫలకం ఉంది. ఆయన ఫిడేలు అథోల్ డ్యూకుల కోట బ్లెయిర్ కాజిల్‌లో భద్రంగా ఉంది.

మూడోది, మీరు అడిగిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న. చావు బాణీ శంకరాభరణంలో ఎందుకు? డి మేజర్ స్కేలు, స్వరాలు చూస్తే అచ్చం శంకరాభరణం. మనకి శోకం అంటే ముఖారి, లేదా నాదనామక్రియ. పాశ్చాత్య సంగీతం కొంచెం చదువుకున్నవాళ్ళకి మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే విషాదం అని ఒక సూత్రం కూడా ఎక్కి ఉంటుంది. ఆ సూత్రం స్కాట్లండ్ హైలాండ్స్‌లో పనిచేయదు. కారణాల్లో ఒకటి బ్యాగ్‌పైప్. ఆ వాద్యంలో ఉన్నవి తొమ్మిదే స్వరాలు. దాని ఆధార స్వరం మీద అంతర గాంధారమే (మేజర్‌ది) దొరుకుతుంది, సాధారణ గాంధారం (మైనర్‌ది) లేదు. నిషాదం కైశికి. లెక్కేస్తే మన హరికాంభోజి. వీరుల చావులకి శతాబ్దాల పాటు పైపుల మీద విలాపాలు వాయించిన జనానికి మైనర్ గాంధారం లేకుండా ఏడవటం అలవాటే. గాంధారం పెద్దదైనంత మాత్రాన వాళ్ళ చెవికి అది పండగ కాదు.

అయినా అది ఒక్కటే కాదు. ఈ బాణీ నడక గమనించారా? 6/8. మన లెక్కలో తిశ్ర నడకలో, అంటే దెబ్బకి మూడేసి చొప్పున, రెండు దెబ్బలు. అదే కొలతలో వేగంగా వాయిస్తే దాన్ని జిగ్ అంటారు, కాళ్ళు ఆడే డ్యాన్సు. అరవై ఏళ్ళకి పైగా జనాన్ని ఆడించిన చెయ్యి, భార్య పోయినప్పుడు కూడా ఆ నడకనే పట్టుకుంది, మెల్లగా. గౌ పుస్తకాల్లో కొన్ని స్ట్రాత్‌స్పేల పైన ‘డ్యాన్సుకి కానప్పుడు మెల్లగా’ అని సూచన అచ్చువేసి ఉంటుంది. అంటే ఒకే బాణీ కాళ్ళకీ పనికొస్తుంది, కూర్చుని వినేవాళ్ళకీ పనికొస్తుంది. డ్యాన్సుకీ విలాపానికీ మధ్య మనం గీసుకునే గీత ఆయనకి లేదు. ఇప్పటికీ ఇక్కడ ఈ బాణీని చావు ఇంట్లోనూ వాయిస్తారు, డ్యాన్సుల్లో వాల్ట్జ్‌గానూ వాయిస్తారు, పెళ్ళిళ్ళలోనూ విన్నాను. మొదట్లో పేరు తెలిసి కూడా పెళ్ళిలో వాయించడమేంటని నాకు మనసొప్పలేదు. ఇప్పుడు ఒప్పుకుంటాను. ముప్ఫై ఏడేళ్ళు కలిసి బతికిన తరువాత కట్టిన బాణీ పెళ్ళిపీటల దగ్గర వినడంలో అశుభం నాకు కనిపించట్లేదు.

నాకు అది వింటుంటే ముఖారి గుర్తురాదు, నీలాంబరి గుర్తొస్తుంది. నీలాంబరి కూడా శంకరాభరణం జన్యమే కదా, జోలపాటల రాగం. స్వరాలు ఒకటి కావు, గమకం లేదు, అయినా ఆ ఊపు, ఆ నిదానం అక్కడివే.

ఇక వాయించడం. ముందు శృతి. మనం స, ప, స, ప అని నాలుగు తీగలు కలుపుకుంటాం. దీనికి జి, డి, ఎ, ఇ అనే పాశ్చాత్య పద్ధతిలోనే కలపండి. డి ని షడ్జమం అనుకుంటే ఖాళీ తీగలు కింది నుంచి శుద్ధ మధ్యమం, షడ్జమం, పంచమం, పై రిషభం అవుతాయి. ఖాళీ షడ్జమ పంచమాలు పక్కనే ఉంటాయి కాబట్టి మీరు ముట్టుకోకపోయినా అవి సన్నగా మోగుతూ ఉంటాయి. ఆ మోతని వేలితో ఆపేయకండి, అదే మీ తంబూరా. కింద కూర్చుని వాయించే అలవాటు ఉంటే దీని కోసమైనా కుర్చీలో కూర్చోండి, లేదా నిలబడండి. పొడుగు స్వరాలకి కమాను మొదటి నుంచి చివరిదాకా పోవాలి, కింద కూర్చుంటే మోకాలు అడ్డొస్తుంది.

నా తప్పు ఒకటి చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక పల్లె హాల్లో ఈ బాణీ వాయించాను. విలాపం అన్నారు కదా అని ప్రతి గాంధారానికీ గమకం ఇచ్చాను, ప్రతి వాక్యం చివరా ఆగాను, తాళం సాగదీశాను. పక్కన ఎనభై దగ్గరపడుతున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఏమీ అనలేదు. నేను రెండోసారి మొదలుపెట్టగానే బూటు మడమతో చెక్క నేల మీద తాళం వేయడం మొదలుపెట్టాడు: మెల్లగా, ఆవర్తానికి రెండు దెబ్బలు, రెండోది మొదటిదానికంటే తేలిగ్గా. ఆ మడమ చప్పుడు నన్ను ఆగనివ్వలేదు. సాగదీసిన చోటల్లా అది ముందుకు లాగింది. నాలుగు ఆవర్తాలకల్లా నా గమకాలు వాటంతట అవే రాలిపోయాయి, వేయడానికి టైం ఉంటే కదా! అప్పుడు గానీ బాణీ వినబడలేదు నాకు. వేగం గురించి మీరు మెట్రోనోమ్ అంకె అడిగారు, కానీ నేను ఆ మడమనే చెబుతాను. పసిబిడ్డ ఉన్న ఊయలని చేత్తో ఊపితే ఒక రాక ఒక పోక ఎంతసేపు పడుతుందో అంత. అంతకంటే నిదానిస్తే నడక చచ్చిపోతుంది.

అలంకారాలు పూర్తిగా మానేయమని కాదు. స్వరానికి ముందు పై స్వరాన్ని ఒక్క తాకు తాకి వదలడం ఇక్కడి పద్ధతిలోనే ఉంది. భాగానికి రెండు మూడు చోట్ల చాలు. వైబ్రేటో, అంటే వేలితో స్వరాన్ని సన్నగా వణికించడం, కూడా పొడుగు స్వరాల చివరిలో కొంచెం. జారుడు వద్దు. మనకి స్వరం నుంచి స్వరానికి దారి ముఖ్యం, ఈ బాణీకి స్వరం మీద నిలబడటం ముఖ్యం.

మొదటి భాగం మధ్య స్థాయిలోనే తిరుగుతుంది, తేలిగ్గానే ఉంటుంది. రెండో భాగం ఒక్కసారిగా ఇ తీగ మీదికి ఎక్కుతుంది. అందరూ తప్పుచేసేది అక్కడే, పైకి వెళ్తున్నాం కదా అని గట్టిగా నొక్కుతారు. గౌ కమాను పైకి తోసే బలం గురించి చెప్పాను చూడండి, ఆ బలం అక్కడ కావాలి గానీ శబ్దం పెంచడానికి కాదు. మెత్తగా తోస్తున్నా నాదం పలచబడకుండా నిలపడానికి. వారం రోజులు ఆ ఒక్క భాగమే, పైకి తోసే కమానుతోనే మొదలుపెట్టి సాధన చేయండి. వీలైతే చెల్లో వాయించే స్నేహితుల్ని ఎవరినైనా తోడు పిలవండి. లేకపోతే వీణ మీద మంద్రంలో ఆధార స్వరాలు మీటేవాళ్ళున్నా సరిపోతుంది. ఆయన జీవితమంతా పక్కన ఒక మంద్ర స్వరం పెట్టుకునే వాయించాడు.

చివరగా, అడగలేదు గానీ చెబుతాను. మన తాతలు ఈ వాద్యాన్ని ఫిడేలు అనే అన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ వాద్యాన్ని మద్రాసు దగ్గర ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఆయన పుట్టింది 1786లో, అంటే ఇన్వర్‌లో ఈ బాణీ పుట్టేనాటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు. అన్నగారు ఆంగ్లేయుల బ్యాండు బాణీలకి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశారు. ‘వందే మీనాక్షి’ మీకు వచ్చే ఉంటుంది, దాని అసలు బాణీ ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐర్లండ్ డ్యాన్సు బాణీ. శంకరాభరణాన్ని గమకం లేకుండా, స్వరం మీద స్వరం నిలబెట్టి వాయించడం మీ చేతికి కొత్తేమీ కాదు. మొదట ‘వందే మీనాక్షి’ రెండుసార్లు వాయించుకుని, కుడిచెయ్యి ఆ దారిలో పడ్డాక, వేగం తగ్గించి, తిశ్రంలోకి మారి, ఈ బాణీ ఎత్తుకోండి.